చేతిబంతి ఆటయు, కానరాని గాయమును



పల్లెటూళ్ళలో పిల్లవాడు ఆటలో పడి మోకాలు గీచికొని వచ్చినచో తల్లి పసుపు అద్దును, తండ్రి కసరును, తాత దగ్గరకు దీసికొని ధైర్యము చెప్పును. నెత్తురు కనబడినది గనుక అది గాయమని యందఱును ఒప్పుకొందురు. ఆ పిల్లవాడే మఱియొకనాడు తలకు దెబ్బ తగిలి, నెత్తురు రాక, వాపైనను లేక, ఇంటికి వచ్చి తల నొచ్చుచున్నదని చెప్పినచో, ఎండదెబ్బ యనియో, చదువు తప్పించుకొను నెపమనియో తలచువారే పెక్కుమంది. నెత్తురు లేని గాయమును నమ్ముట మనుష్యునకు కష్టము. ఈ కష్టమునకు పొడవైన చరిత్రము కలదు. దానినే నేడు మీకు మనవి చేయదలచితిని.

ఈ గాయమును వైద్యులు ఆంగ్లమున కంకషన్ అందురు. మన మాటలో మెదడదురు అనవచ్చును. కపాలము పగులదు, చర్మము చిట్లదు. మెదడు మాత్రము లోపల అదరి, కొంతకాలము తన పని తాను సరిగా చేయజాలకుండును. తలనొప్పి, కన్ను తిరుగుట, వాంతి, వెలుతురు సహింపలేమి, అడిగినదే మరల అడుగుట, అప్పుడే జరిగినదానిని మఱచిపోవుట, ఊరక కోపగించుట లేక ఏడ్చుట, ఇవి దాని గుఱుతులు. స్పృహ తప్పినగాని మెదడు అదరలేదని చాలమంది భ్రమపడుదురు. నిజమునకు ఇట్టి దెబ్బ తగిలిన పదిమందిలో స్పృహ తప్పువాడు ఇంచుమించు ఒక్కడే. తక్కిన తొమ్మండుగురు లేచి నిలుచుందురు. అడిగినచో బాగుగనే యున్నామందురు. మరల ఆటలో దిగుదురు.

ఈ గాయమును గూర్చి లోకమునకు తెలియక కాదు, తెలిసినదానిని ఆటస్థలమున అమలుజరుపువాడు లేకపోవుట చేతనే ఆటగాండ్రు నష్టపోయిరి. నేను చెప్పదలచినది ఇంతియే. దీనికి సాక్ష్యముగా హ్యాండుబాలు, అనగా చేతిబంతి, అను ఆటను ముందుంచుకొని చరిత్రమును వివరించెదను. ఈ యాటకు మన పాఠశాలల క్రీడాపోటీలలో స్థానము కలదు. మీ మనుమలు గాని మనుమరాండ్రు గాని ఆడుచుండవచ్చును.

చేతిబంతి పుట్టినిల్లు ఉత్తర యూరోపు. డెన్మార్కు దేశమున ఆర్డ్రప్ అను చోట హోల్గర్ నీల్సెన్ అను ఉపాధ్యాయుడు 1898 ప్రాంతమున పాఠశాల పిల్లలచేత దీనిని ఆడించి, 1906లో నియమములను అచ్చొత్తించెను. ఈతడు 1896లో ఏథెన్సు నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో తుపాకి గుఱిలోను, కత్తిసాములోను పతకములు గెలిచినవాడు. జర్మనీ దేశములో ఈ జాతి ఆటకు వేఱుగా మఱియొక పుట్టుక కలదు. 1917వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీని బెర్లినులో మాక్స్ హైజర్ అను నాతడు స్త్రీల కొఱకు నియమములు ఏర్పఱచెను. అందు ఒకరి దేహము నొకరు తాకుట నిషిద్ధము. 1919లో కార్ల్ షెలెంట్స్ అను వ్యాయామోపాధ్యాయుడు ఆ నియమములను మార్చి, బంతిని చిన్నది చేసి, దేహస్పర్శకు అనుమతి యిచ్చి, పురుషులకు తగిన ఆటగా దిద్దెను.

ఈ మార్పును జ్ఞప్తియందుంచుకొనుడు. మొదటివాడు తాకరాదనెను, రెండేండ్లకు రెండవవాడు తాకవచ్చుననెను. ఆట వేడెక్కినది, చూడవచ్చు జనము పెరిగినది. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో చేతిబంతి చేరెను. జట్టునకు 11 మంది చొప్పున ఫుట్‌బాలు మైదానమంత చోట ఆడిన ఆ యాటలో, కడపటి పోటీయందు జర్మనీ జట్టు ఆస్ట్రియా జట్టును 10కి 6 గోలులతో ఓడించెను. వానలో తడియుచు ఇంచుమించు లక్షమంది చూచిరని చెప్పుదురు.

తరువాత ఈ యాట మైదానమును విడిచి కప్పు క్రిందికి వచ్చెను. ఉత్తరదేశములలో చలికాలము దీర్ఘము గనుక, పెద్ద శాలలలో జట్టునకు ఏడుగురు చొప్పున ఆడుట వాడుకయై, ఆ పద్ధతియే నిలిచెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో పురుషులకును, 1976లో మాంట్రియల్ క్రీడలలో స్త్రీలకును ఈ ఏడుగురి ఆటయే ఆడించిరి. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలోను చేతిబంతికి చోటు దొరకెను. నేటి ఆటస్థలము 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. మునుపు 22 మంది పెద్ద మైదానమున విడివిడిగా పరుగెత్తిన యాట, ఇప్పుడు 14 మంది గట్టినేలమీద ఇఱుకుచోట రాసుకొనుచు ఆడు ఆటయైనది. చోటు తగ్గినకొలది తలకు మోచేయియు, భుజమునకు భుజమును చేరువయైనవి.

ఈ యాటలో తలకు దెబ్బ మూడు విధముల తగులును. గోలు చేయుటకు ఎగిరినవానిని అడ్డగించునపుడు మోచేయి గాని భుజము గాని తలకు కొట్టుకొనుట మొదటిది. గాలిలో నున్నవాడు వెల్లకిల పడి నేలకు తల తగిలించుకొనుట రెండవది. గోలు కాచువాని ముఖమునకో కణతకో బంతి తగులుట మూడవది. పురుషులు ఆడు బంతి 425 మొదలు 475 గ్రాముల బరువు. క్రికెట్ బంతి 156 మొదలు 163 గ్రాములు మాత్రమే. కావున చేతిబంతి మెత్తనిదైనను బరువులో ఇంచుమించు మూడు క్రికెట్ బంతుల పెట్టు. ఆరితేరినవారు విసరిన బంతి గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. ఏడు మీటర్ల దూరమునుండి ఆ వేగముతో వచ్చు బంతి గోలు కాచువానిని చేరుటకు పట్టు కాలము పావు సెకండు. తల ప్రక్కకు త్రిప్పుకొనుటకైనను అది చాలదు.

ఇక గాయముయొక్క చరిత్రమునకు వత్తము. మెదడు అదరుననుట నేటి వైద్యులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఐగుప్తు దేశమున ఇంచుమించు 3600 ఏండ్ల క్రిందట వ్రాసిన వైద్యగ్రంథ మొకటి 1862లో ఎడ్విన్ స్మిత్ అను నాతనికి దొరకెను. అందలి 48 గాయముల వివరములలో సగమునకు మించినవి తలగాయములే. గ్రీకు వైద్యుడగు హిప్పోక్రటీసు పేర ప్రసిద్ధములైన సూత్రములలో, ఏ కారణముననైనను మెదడు అదరినవానికి తత్‌క్షణమే మాట పడిపోవునను భావము కలదు. క్రీస్తుశకము 900 ప్రాంతమున పారశీక వైద్యుడగు రాజీ, మెదడు చిదికిపోవుట వేఱు, చిదుగకయే దాని పని చెడుట వేఱు అని విభజించి చెప్పెను. 13వ శతాబ్దపు చివర మిలాను నగరపు శస్త్రవైద్యుడు లాంఫ్రాంకు ఈ భేదమును మఱింత విశదపఱచెను.

మన సుశ్రుతాచార్యుడు శరీరమున 107 మర్మములను లెక్కించి, దెబ్బ తగిలినవెంటనే ప్రాణము తీయునవి కొన్నియు, కాలము గడచిన పిమ్మట తీయునవి కొన్నియు నని వర్గములు చేసెను. శిరస్సునందలి ఐదు సంధులకు సీమంతములని పేరు. అచ్చట దెబ్బ తగిలినచో ఉన్మాదము, భయము, చిత్తనాశము కలిగి మరణము సంభవించునని చెప్పి, వానిని కాలాంతరప్రాణహరములలో జేర్చెను. నేడు మనము చెప్పుకొనుచున్న మెదడదురునే సుశ్రుతుడు వర్ణించెనని నేననను. అట్లనుట శాస్త్రమునకు మర్యాద గాదు. కాని తలకు తగిలిన దెబ్బ వెంటనే కనబడక, మనస్సును చెఱచి, కొంతకాలమునకు ఫలము చూపవచ్చునను ఎఱుక మన పూర్వులకు కలదనుటకు సందేహము లేదు.

ఇట్లు గ్రంథములయందు జ్ఞానము నిలిచియుండెను. ఆటస్థలమున మాత్రము దానికి ప్రవేశము లేకపోయెను. అమెరికా దేశమున అక్కడి ఫుట్‌బాలు ఆట మిక్కిలి మోటైనది. 1905వ సంవత్సరపు ఆటకాలములో 18 మందికి తక్కువ గాకుండ ఆటగాండ్రు మరణించిరి. దేశాధ్యక్షుడగు థియోడర్ రూజ్‌వెల్టు ఆ యేడు అక్టోబరులో కళాశాలల పెద్దలను తన భవనమునకు రప్పించి ఆటను సంస్కరింపుడని కోరెను. ఆ యేడే హార్వర్డు విశ్వవిద్యాలయపు జట్టును కనిపెట్టియుండిన నికల్స్, స్మిత్ అను ఇద్దఱు వైద్యులు తాము చూచిన గాయములనెల్ల లెక్కవ్రాసి 1906లో ప్రకటించిరి. మెదడదురు సంభవింపని పోటీలు ఆ యేడు రెండే యని వ్రాసిరి. ఆటగాండ్రు దానిని లెక్కింపదగని దెబ్బగా, నవ్వులాటగా చూచుచుండిరనియు వ్రాసిరి. మఱియు ఒక ముఖ్యవిషయము గుర్తించిరి. దెబ్బ తగిలినవాడు యంత్రమువలె ఆడుచునే యుండును. జట్టు సంకేతములు మఱచిపోవుట చూచి తోడివారు వానిని గుఱుతుపట్టుదురు. వానికి తెలియదు, ప్రక్కవానికి తెలియును.

1928లో న్యూజెర్సీ రాష్ట్రపు వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్, ముష్టియుద్ధము చేయువారిలో కొందఱు ఏండ్లు గడచినపిమ్మట త్రాగినవారివలె తూలుచు, మాట తడబడుచు, బుద్ధి మందగించి యుండుటను వైద్యపత్రికలో వివరించెను. 1933లో అమెరికా కళాశాలల క్రీడాసంఘము పాఠశాలలకును కళాశాలలకును ఒక వైద్యసూచిక ప్రకటించెను. మెదడదురు కలిగినవానికి విశ్రాంతియు, కనిపెట్టి చూచువారును కావలెననియు, గుఱుతులు మానిన పిదప 48 గంటలు గడచువఱకు ఆటకు పంపరాదనియు, గుఱుతులు 48 గంటలకు మించి నిలిచినచో 21 దినములుగాని అంతకు మించిగాని పోటీకి దింపరాదనియు అందు హెచ్చరించిరి. ఈ 21 దినముల లెక్కను మనస్సున నుంచుకొనుడు. మరల దాని ప్రస్తావన వచ్చును.

దెబ్బ తగిలినపుడు కపాలము లోపల ఏమి జరుగుచున్నదో రెండవ ప్రపంచయుద్ధకాలమున తేటపడెను. 1943లో ఆక్స్‌ఫర్డులో హోల్‌బర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు జెలటిన్ అను మెత్తని పదార్థముతో మెదడు నమూనాలు చేసి పరీక్షించి, తల గిరుక్కున తిరుగుటయే మెదడునకు ఎక్కువ హాని చేయునని నిరూపించెను. మన యింటి పోలికతో చెప్పెదను. తోడుకొన్న పెరుగుకుండను నెమ్మదిగా ముందునకు జరిపినచో పెరుగు చెదరదు. ఆ కుండనే కుదురుమీద ఒక్కమాఱు గిరుక్కున త్రిప్పి ఆపినచో కుండ ఆగినను లోపలి పెరుగు ఆగక, అంచు విడిచి, చీలికలువాఱును. కుండకు పగులు లేదు గనుక పైనుండి చూచువానికి ఏమియు తెలియదు. తలయు అట్టిదే. కపాలము కుండ, మెదడు పెరుగు. చెంపకు తగిలిన మోచేయి గాని, నుదుటి యంచున తగిలిన బంతి గాని తలను త్రిప్పివేయును. ఇందుచేతనే తలకు టోపీ పెట్టినంతమాత్రమున ఈ గాయము తప్పదు. టోపీ కపాలమును పగులనీయదు, చర్మమును చిట్లనీయదు. లోపలి పెరుగు కదలకుండ పట్టజాలదు. చేతిబంతి నియమములలోనైతే గట్టి తలకాపును ముఖకవచమును ధరింపనేరాదు. అవి తోడి ఆటగానికి తగిలి గాయపఱచునని దానికి కారణము.

2001 ప్రాంతమునకు శరీరశాస్త్రజ్ఞులు ఇంకొక మెట్టు ఎక్కిరి. అదురు కలిగినపుడు మెదడు కణములలో లవణముల కూర్పు తారుమాఱగును. పొటాసియము బయటికి పోవును, కాల్షియము లోనికి చొచ్చును. వానిని మరల సర్దుకొనుటకు కణమునకు ఎక్కువ శక్తి కావలెను. ఆ సమయముననే నెత్తురు ప్రవాహము తగ్గియుండును. ఆదాయము తగ్గినపుడు ఖర్చు పెరిగిన కాపురమువలె మెదడు కొన్నిదినములు ఇఱుకునబడును. ఈ మార్పులు ఆసుపత్రులలో సాధారణముగా తీయు తల స్కానునందు కానరావు. స్కాను బాగున్నది గనుక గాయము లేదనుకొనరాదు. నెత్తురు గడ్డకట్టలేదని, ఎముక విఱుగలేదని మాత్రమే దానికి అర్థము.

ఆ యిఱుకున బడియున్న దినములలో రెండవ దెబ్బ తగిలినచో ఏమగును? 1984లో సాండర్స్, హార్బా అను ఇద్దఱు అమెరికా వైద్యులు దీనిని వివరించిరి. మొదటి దెబ్బ మానకమునుపే తగిలిన రెండవ దెబ్బ, అది స్వల్పమైనను, మెదడును ఒక్కపెట్టున ఉబ్బజేసి ప్రాణము తీయవచ్చును. ఇది మిక్కిలి అరుదు. కాని సంభవించినచోట తఱచుగా పిల్లలకును యువకులకును సంభవించినది. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 13 ఏండ్ల బాలుడొకడు ఫుట్‌బాలు ఆటలో తలకు దెబ్బ తగిలియు ఆ యాటలోనే మరల దిగి, ఆట ముగియగానే కూలిపోయి, ప్రాణము దక్కినను అవయవముల స్వాధీనము చాలవఱకు కోలుపోయెను. 2009లో ఆ రాష్ట్రము ఆతని పేర ఒక చట్టము చేసెను. అందు మూడు విధులు కలవు. ఏటేటను తల్లిదండ్రులును పిల్లలును ఈ గాయమును గూర్చిన పత్రము చదివి సంతకము చేయవలెను. తలకు దెబ్బ తగిలెనను అనుమానము కలిగినంతనే పిల్లవానిని ఆటనుండి తొలగింపవలెను. అర్హతగల వైద్యుడు వ్రాసి యిచ్చినగాని మరల చేర్చుకొనరాదు. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసికొనెను.

మన దేశపు ఆటగానికి సంభవించిన ఆపద మీలో కొందఱికి జ్ఞాపకముండవచ్చును. 1998 ఫిబ్రవరిలో ఢాకా నగరమున ఒక క్లబ్బు పోటీలో క్రికెట్ ఆటగాడు రమణ్ లాంబా తలకాపు లేకుండ బ్యాటుపట్టినవానికి మిక్కిలి చేరువను నిలిచి, తలకు బంతి దెబ్బ తినెను. లేచి, తానే నడచి లోపలికి పోయెను. తరువాత స్పృహ తప్పి, ఫిబ్రవరి 23వ తేదీని మరణించెను. లోపల నెత్తురు స్రవించుట దానికి కారణము. ఇది మెదడదురుకంటె ఘోరమైన గాయము. కాని మొదటి గడియలో ఈ రెండు గాయములును పైకి ఒక్కతీరుననే యుండును. నడచిపోవుచున్నాడు గనుక క్షేమమే యనుకొనుట ఎంత మోసమో దీనివలన తెలియుచున్నది.

దీర్ఘకాలపు నష్టమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. 2002లో మరణించిన మైక్ వెబ్‌స్టర్ అను అమెరికా ఆటగాని మెదడును బెన్నెట్ ఒమాలు అను వైద్యుడు పరీక్షించి, మార్ట్‌లాండ్ చెప్పిన ముష్టియోధుల రోగమువంటి మార్పులు కనుగొని, 2005లో ప్రకటించెను. 2019లో గ్లాస్గో నగరపు పరిశోధకులు, మునుపు వృత్తిగా ఫుట్‌బాలు ఆడిన స్కాట్లండు దేశీయులు మెదడు క్షీణించు రోగములచే మరణించుట ఇతరులకంటె మూడున్నర రెట్లు అధికమని లెక్కతేల్చిరి. ఇవి ఏండ్లకొలది వందలు వేలుగా దెబ్బలు తిన్నవారి సంగతులు. ఒక్కమాఱు మెదడు అదరిన పిల్లవానికి ఇట్టి గతి పట్టునని భయపడనక్కఱలేదు. తగిన విశ్రాంతి దొరకినచో పెద్దవారిలో చాలమంది రెండు వారములకును, పిల్లలు ఇంచుమించు ఒక నెలకును మునుపటివలె నగుదురు.

చేతిబంతి నియమములు ఈ జ్ఞానమును ఎంతవఱకు గైకొన్నవో చూతము. ఏడు మీటర్ల శిక్షావిసరులో, తల కదల్చక నిలిచిన గోలు కాచువాని తలకు బంతి కొట్టినవానిని ఆటనుండి వెలివేయు నియమము మునుపే కలదు. ఆట నడుచుచుండగా, నడుమ అడ్డగించువాడు లేనపుడు, బంతి తిన్నగా గోలు కాచువాని తలకు కొట్టినచో కొట్టినవానిని రెండు నిమిషములు బయట నిలుపు నియమము 2022వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. నీల్సెన్ నియమములు అచ్చుపడిన 1906 మొదలు లెక్కించినచో 116 ఏండ్లు. 2016లో వచ్చిన మఱియొక నియమము ప్రకారము, ఆటస్థలమున చికిత్స పొందినవాడు బయటకు పోయి, తన జట్టు మూడు దాడులు ముగించువఱకు లోనికి రారాదు. బంతి తలకు తగిలిన గోలు కాచువాడు మాత్రము బయటకు పోనక్కఱలేదు. ఆ నియమము నెపములు పన్ని కాలహరణము చేయువారిని ఆపుటకు పుట్టినదేగాని తలదెబ్బ కొఱకు పుట్టినది కాదు. మూడు దాడులు రెండు మూడు నిమిషములలో ముగియవచ్చును. అంతలో మెదడు సంగతి తేల్చుట వైద్యునికైనను కష్టము.

వృత్తిగా ఆడు జట్లకు ఒడ్డున వైద్యుడుండును. సరదాకొఱకో, ఊరి పేరుకొఱకో ఆడువారికి ఎవరున్నారు? ఈ ప్రశ్నకు సమాధానముగా 2015లో స్కాట్లండు దేశము అన్ని ఆటలకును కలిపి ఒకే సూచిక ప్రకటించెను. 2023 ఏప్రిలులో బ్రిటిషు ప్రభుత్వపు అండతో వృత్తికాని క్రీడలకు ప్రత్యేకముగా ఒక సూచిక వెలువడెను. అనుమానము కలిగినచో ఆటనుండి తొలగించి కూర్చుండబెట్టవలెను. ఆనాడు మరల దింపరాదు. మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి, పిదప నడక మొదలగు తేలికపనులు, ఆ పిదప క్రమక్రమముగా అభ్యాసము. పోటీకి మాత్రము 21 దినములలోపల పంపరాదు. మహాశయులారా, 1933లో వ్రాసిన లెక్కయే 2023లో మరల వచ్చినది. తొంబది యేండ్లు ఆ జ్ఞానము కాగితముమీదనే యుండెను. తెలిసినదానిని అమలుజరుపువాడు లేకపోయెనని మొదట నేను చెప్పినది ఇదియే.

అమలుజరుపువాడు ఎవడు కావలెను? పిల్లవాడు కాలేడు. కాలు విఱిగినవాడు కాలిని చూచుకొని తీర్పు చెప్పగలడు, చూచుటకు వానికి మెదడు బాగున్నది గనుక. మెదడే అదరినవాడు దేనితో తీర్పు చెప్పును? న్యాయస్థానమున ప్రతివాదినే న్యాయాధిపతి పీఠమున కూర్చుండబెట్టినట్లగును. పైగా వానికి దాచుటకు కారణములును కలవు. జట్టు ఓడిపోవునని బెంగ, తోడివారు పిఱికివాడందురని సిగ్గు, ఆటలో పేరు వచ్చినచో కళాశాలలో చోటు దొరకునని ఆశ. జట్టును నేర్పువాడును సంపూర్ణముగా తటస్థుడు కాడు, గెలుపు ఆతని కీర్తి గనుక. ఉపాధ్యాయవృత్తిలో నేను గడపిన యేండ్లలో, పరీక్షగదిలో జ్వరము దాచిన పిల్లలను పెక్కుమందిని చూచితిని. ఆటస్థలమున తల దిమ్ము దాచుట అంతకంటె సులభము.

కావున ఊరి పెద్దలతో నాకు మనవి కలదు. సంక్రాంతికి గాని, పాఠశాల వార్షికోత్సవమునకు గాని ఆటలపోటీలు జరుపునపుడు మిమ్ములను బహుమతులిచ్చుటకు వేదికమీదికి పిలుతురు. ఆట ఆరంభింపకమునుపే మీరొక ప్రశ్న వేయుడు. తలకు దెబ్బ తగిలినవానిని ఆపు అధికారము ఈ దినము ఎవరిది? జట్లకు సంబంధింపని ఒకరిని, ఉపాధ్యాయుడు గాని, ఆరోగ్యకేంద్రపు నర్సు గాని, ఆట ఎఱిగిన పెద్ద గాని, అందఱియెదుట పేరుపెట్టి నియమింపుడు. ఆ మాటకు ఎదురు చెప్పరాదని రెండు జట్లవారిచేతను ఒప్పించుడు. దీనికి కానీ ఖర్చు లేదు.

నియమింపబడినవాడు చేయవలసినది స్వల్పము. ముఖమున నీళ్ళు చల్లి, వీపు తట్టి, లెమ్మని పంపరాదు. ప్రక్కకు పిలిచి, ఇప్పుడు ఏ జట్టుతో ఆడుచున్నావు, కడపటి గోలు ఎవడు చేసెను, అని అడుగవలెను. తడబడినచో ఆనాటికి వాని ఆట ముగిసినట్లే. తడబడకపోయినను తలనొప్పి గాని, తలతిరుగుట గాని ఉన్నదన్నచో అంతియే. మెడ నొప్పియన్నచో, స్పృహ తప్పినచో, మాటిమాటికి వాంతియైనచో, తలనొప్పి క్షణక్షణమునకు హెచ్చినచో, కాలుసేతులలో బలము తగ్గినచో, ఫిట్లు వచ్చినచో, కనుపాపలు హెచ్చుతగ్గులైనచో, మెడను కదల్పక 108 బండిని పిలిపించి ఆసుపత్రికి చేర్పవలెను. ఈ ఘోరచిహ్నములు లేకపోయినను వైద్యునికి చూపుట మేలు. మొదటి దినమున వానిని ఒంటరిగా విడువరాదు, బండి నడుపనీయరాదు. తలదెబ్బ తగిలినవానిని నిద్రపోనీయరాదని మనలో నొక నమ్మకము కలదు. వైద్యుడు చూచి ఘోరచిహ్నములు లేవన్న పిమ్మట నిద్ర వానికి మేలే చేయును. ప్రక్కన ఒకరు కనిపెట్టియున్న చాలును.

ఆటలు మానిపింపుడని నేననను. దేహమునకు బలమును, మనస్సునకు ఓర్పును, గెలుపోటములను సమముగా చూచు గుణమును ఆటయే నేర్పును. చేతిబంతివంటి ఆట పల్లెపిల్లలకు దొరకుట మంచిది. ఒక బంతియు, రెండు గోలుచట్రములును, చదునైన నేలయు నున్న చాలును. కాని కప్పు క్రింద చెక్కనేలమీద ఆడు ఆటను మనము తఱచుగా గట్టిమన్నుమీదను, సిమెంటునేలమీదను ఆడించుచున్నాము. పడినవానికి మన నేల అంత దయగలది కాదు. పిల్లలకు పెద్దల బంతి ఇయ్యరాదు. 12 మొదలు 16 ఏండ్ల బాలురకు 325 మొదలు 375 గ్రాముల బంతియే నియమము. ఈపాటి జాగ్రత్తలు చేతికందునవే.

నెత్తురు కారు గాయమునకు సాక్షి అక్కఱలేదు. మెదడదురునకు మాత్రము ప్రక్కవాని చూపే సాక్ష్యము. ఆ చూపు చూచు పెద్దవాడొకడు ప్రతి ఆటస్థలమునను నిలువవలెను. వచ్చు పోటీలకు మీ యూర ఆ యొక్క పేరు ముందుగా వ్రాసిపెట్టుకొనుడని కోరుచు సెలవు గైకొనుచున్నాను.